ఇంటి మాట: ఆటలో అరటిపండు

పోయిన నెలలో ఒక సాయంత్రం సంగతి. పొయ్యి మీద ఒక పక్క పప్పు ఉడుకుతోంది. ఇంకో పక్క మూకుట్లో బీరకాయ తొక్కు వేగుతోంది. ఆ పచ్చడంటే మావారికి, మా అబ్బాయికి మహా ఇష్టం లెండి. మా వంటిల్లూ పిల్లల గదీ ఒకే గోడకి అటూ ఇటూ ఉంటాయి. చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడంటే మావాడికి తను ఎంత గట్టిగా అరుస్తున్నాడో తెలియదు. "కుడిపక్క చూడరా", "వెనకాల ఉన్నాడ్రా", "నన్ను లేపరా బాబూ" ఇలాంటి కేకలు రోజూ వింటూనే ఉంటాను. వాడు ఇంటర్ మొదటి సంవత్సరం. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఆట, ఆ తర్వాత పుస్తకం, ఇదీ మా ఇంటి ఒప్పందం.

ఆ రోజు మాత్రం ఒక మాట చెవిన పడి నా చేతిలో అట్లకాడ అలాగే ఆగిపోయింది.

"ఏంటీ, అమ్మాయివా? నీకెందుకమ్మా ఇవన్నీ? పోయి వంట చేసుకో పో!"

అవతల స్నేహితులు నవ్వినట్టున్నారు. వీడూ నవ్వాడు.

ఆ నిమిషంలో నేను చేస్తున్న పనేమిటండీ? వంటే కదా. ఎవరి కోసం? ఆ నవ్విన వాడి కోసమే. ఎవర్నైనా చిన్నబుచ్చాలంటే నా కొడుక్కి దొరికిన మాట, వాళ్ళమ్మ ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని పేరు! తొక్కు మాడిన వాసన వచ్చేదాకా అలాగే నిలబడిపోయాను.

గదిలోకి వెళ్ళి అడిగాను, "ఎవర్రా ఆ అమ్మాయి?" అని.

"ఎవరో అమ్మా. మా టీములో వచ్చి పడింది. ఆట రాదు."

"రాదని ఎలా తెలిసిందిరా? ఇంకా మొదలే కాలేదుగా?"

"అమ్మాయి కదమ్మా!" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. మనవాళ్ళంతా దీన్ని ఇప్పటికీ పబ్జీ అనే అంటారు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్జీని నిషేధించాక, 2021లో ఇంచుమించు అదే ఆట బీజీఎంఐ అనే పేరుతో మళ్ళీ వచ్చింది. వంద మంది దాకా ఒక దీవి మీద దిగుతారు. నలుగురేసి ఒక జట్టు. ఆఖరికి ఏ జట్టు మిగిలితే ఆ జట్టు గెలిచినట్టు. మీ జట్టులో ముగ్గురే ఉంటే నాలుగో మనిషిని ఆటే ఎక్కడి నుంచో తెచ్చి కలుపుతుంది. ఏ ఊరో, ఎవరో తెలియదు. గొంతు మాత్రం వినిపిస్తుంది. ఆ రోజు అలా వచ్చి కలిసిన గొంతు ఒక ఆడపిల్లది. అంతే సంగతి.

రాత్రి భోజనాలయ్యాక మా పెద్దది గిన్నెలు తుడిచి పెడుతూ మెల్లిగా అంది. అది బీటెక్ రెండో సంవత్సరం.

"అమ్మా, నేనూ ఆ ఆట ఆడతాను. కానీ ఎప్పుడూ మైకు ఆన్ చెయ్యను."

"ఎందుకే?"

"ఆన్ చేస్తే అమ్మాయినని తెలిసిపోతుందిగా. అందులో నా పేరు కూడా మగపిల్లాడి పేరే. మూడేళ్ళయింది. మొదట్లో ఒకసారి ఆన్ చేశాను."

"ఏమన్నారు?"

"చెప్పనులే. చెబితే నువ్వు నా ఫోను లాక్కుంటావు."

నిజం ఒప్పుకోవాలి కదండీ, లాక్కునేదాన్నే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒకే గదిలో, ఒకే ఆట ఆడే ఇద్దరు పిల్లలు. ఒకడు గొంతు చించుకుని అరుస్తాడు. ఇంకోతి పేరు మార్చుకుని, నోరు నొక్కుకుని ఆడుతుంది. ఇద్దర్నీ పెంచింది నేనే.

మా బావ చావడు, నా వంతు రాదు

మన చిన్నప్పుడు దాగుడుమూతలో, ఏడు పెంకులాటో ఆడుతుంటే ఒక బుల్లి తమ్ముడో చెల్లెలో ఏడుస్తూ వచ్చేవారు కదూ. వాళ్ళని 'ఆటలో అరటిపండు' అనేవాళ్ళం. ఆటలో ఉన్నట్టే ఉంటారు, లెక్కలోకి రారు. వాళ్ళని పట్టుకున్నా దొంగ కారు, గెలిచినా గెలిచినట్టు కాదు.

నా పదమూడో ఏట, వేసవి సెలవుల్లో మా మామయ్యగారింట్లో టీవీకి తగిలించి, కాసెట్ పెట్టి ఆడే వీడియో గేమ్ ఉండేది. మీసాల మారియో గెంతుకుంటూ పోయే ఆట. అందులో ఇద్దరు ఆడొచ్చు గానీ వంతులవారీగా ఆడాలి. మొదటివాడి బొమ్మ చస్తేనే రెండోవాళ్ళకి వంతు. మా బావ అందులో ఆరితేరినవాడు. బావ బొమ్మ చావదు, నా వంతు రాదు. ఎప్పుడో ఖర్మకాలి చస్తే, నేను రిమోట్ అందుకునే సమయానికి అత్తయ్య పిలిచేది, "అమ్మాయ్, కాస్త ఈ కొబ్బరి కోరిపెట్టవే" అని. ఆ పిలుపు బావకి ఒక్కసారి కూడా రాలేదు. నేను ఆడానని చెప్పుకోవడానికి ఆడాను, అంతే.

ఆ మారియో ఆట కూడా చూడండి. 1985లో జపాన్‌లో నింటెండో కంపెనీ తెచ్చింది. మారియో అన్ని తిప్పలూ పడేది ఒక రాకుమారిని విడిపించడానికి. ఒక్కో కోట దాటుతాడు, తీరా చూస్తే రాకుమారి అక్కడుండదు, ఇంకో కోటలో ఉందంటారు. ఆఖరి కోట దాకా ఇదే తంతు. అంతకుముందు 1981లో ఆ కంపెనీదే డాంకీ కాంగ్ అనే ఆటలో ఒక గొరిల్లా ఆడమనిషిని ఎత్తుకుపోయి నిచ్చెనల పైన కూర్చోబెడుతుంది. ఆవిడ చేసే పని "కాపాడండి" అనడమే. అంటే ఆటలో ఆడమనిషి ఆడే మనిషి కాదు, గెలిచినవాడికి ఇచ్చే కప్పు!

1986లో మెట్రాయిడ్ అని ఇంకో ఆట వచ్చింది. ఒళ్ళంతా ఇనప కవచం వేసుకుని రాక్షసుల్ని చంపే వీరుడు అందులో నాయకుడు. ఆట చకచకా ముగించినవాళ్ళకి చివర్న ఆ కవచం తీసి చూపిస్తారు. లోపలున్నది ఆడది! పేరు సామస్. వినగానే ఎంత సంతోషం వేసిందో. కానీ మా అమ్మాయి మిగతా సగం కూడా చెప్పింది. ఆట ఎంత త్వరగా ముగిస్తే ఆమె ఒంటి మీద అన్ని తక్కువ బట్టలు చూపిస్తారట. వీరనారిని చేసి, ఆఖరికి ఆమెనే మళ్ళీ బహుమతిని చేశారు. 1996లో ఇంగ్లండు నుంచి వచ్చిన టూంబ్ రైడర్ ఆటలో లారా క్రాఫ్ట్ గుహల్లో దూకుతుంది, తుపాకీ పేలుస్తుంది, చదువుకున్నది, ఎవరి సాయమూ అడగదు. అయినా ఆ రోజుల్లో పోస్టర్ల నిండా ఆమె కొలతల గోలే. 2013లో ఆ ఆటని కొత్తగా తీసినప్పుడు గానీ ఆమె మామూలు అమ్మాయిలా కనిపించలేదు.

2014లో ఇంకో చిత్రం జరిగింది. అసాసిన్స్ క్రీడ్ యూనిటీ అనే పెద్ద ఆటలో నలుగురు కలిసి ఆడొచ్చు, నలుగురూ మగవాళ్ళే. ఆడమనిషి ఎందుకు లేదని అడిగితే, ఆడబొమ్మ కోసం కదలికలు, బట్టలు అన్నీ మళ్ళీ చెయ్యాలి, పని రెట్టింపవుతుందని తయారుచేసినవాళ్ళు జవాబిచ్చారు. ఆ పని తెలిసిన వేరేవాళ్ళే అదేమంత పని కాదని కొట్టిపారేశారు. ఆడదాన్ని మినహాయించడానికి కూడా పని ఎక్కువ అనే సాకే దొరికిందన్నమాట.

ఇదే ఏడాది ఆస్ట్రేలియాలో, హింసకి గురై బతికి బయటపడిన ఆడవాళ్ళు కొందరు ఒక అర్జీ పెట్టారు. గ్రాండ్ తెఫ్ట్ ఆటో ఐదో ఆటలో వీధిలో నిలబడే ఆడవాళ్ళని ఆటగాడు కొట్టి చంపే వీలుంది, దాన్ని మీ కొట్లో అమ్మకండి అని. 40 వేల మందికి పైగా సంతకాలు పెట్టారు. టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ అక్కడ ఆ ఆట అమ్మకం ఆపేసింది. మన ఊళ్ళలో నెట్ సెంటర్ల కాలంలో మగపిల్లలంతా ఆడిన వైస్ సిటీ కూడా ఆ కుటుంబంలోదే. వాళ్ళు ఏం ఆడుతున్నారో మనం వెనక నిలబడి ఒక్కసారైనా చూశామా? ఫీజు ఎంతయిందో అడిగాం, అంతే.

వంటింటి బల్ల మీద పుట్టిన ఆట

ఇదంతా వింటే, వీడియో గేములు మగవాళ్ళు మగవాళ్ళ కోసం కనిపెట్టుకున్నవి కాబోలు అనిపిస్తుంది. అది కూడా నిజం కాదు. అమెరికాలో రాబర్టా విలియమ్స్ అనే ఆవిడ ఇద్దరు పిల్లల తల్లి, ఇంటిపట్టున ఉండే మనిషి. కంప్యూటరులో మాటలతో ఆడే ఒక ఆట చూసి, దీనికి బొమ్మలు కూడా ఉంటే ఎంత బావుండును అనుకుంది. వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని కథ అల్లింది, బొమ్మలు గీసింది. భర్త ప్రోగ్రాము రాశాడు. 1980లో మిస్టరీ హౌస్ అనే ఆట తయారైంది. బొమ్మలతో సాగే కథల ఆటలకి అదే మొదలు. ఆ తర్వాత 1984లో కింగ్స్ క్వెస్ట్ తెచ్చింది. ఆ వరసలో 1988లో వచ్చిన నాలుగో ఆటలో జబ్బుపడ్డ తండ్రి రాజుగారిని బతికించడానికి బయల్దేరేది కూతురే, పేరు రోజెల్లా.

1982లో కారల్ షా అనే ఇంకో ఆవిడ రివర్ రెయిడ్ అనే ఆట రాసింది. నది మీద విమానం నడిపే ఆట. అప్పట్లో ఇళ్ళల్లో ఆడుకునే ఆటారి పెట్టె మీద ఎంతో పేరు తెచ్చుకుంది. పాక్‌మాన్ గురించి మీరు వినే ఉంటారు, నోరు తెరుచుకుని చుక్కలు మింగే పసుపు పచ్చ ఉండ. 1980లో దాన్ని తయారుచేసిన జపానాయన, ఆడపిల్లలు కూడా ఆటల దుకాణాలకి రావాలనే అలాంటి ఆట ఆలోచించానని చెప్పాడు. అంటే మొదట్నుంచీ మనం ఉన్నాం. "ఇది మా చోటు" అని గీత తర్వాత గీశారు.

ఆ గీత దాటి మాట్లాడిన వాళ్ళ గతి 2014లో అమెరికాలో చూశారు. వీడియో గేముల్లో ఆడవాళ్ళని ఎలా చూపిస్తున్నారో వివరంగా చెప్పే వీడియోలు చేసిన అనీటా సర్కీసియన్ అనే ఆవిడ యూటా రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయంలో ఉపన్యాసం ఇవ్వాల్సి ఉంది. వస్తే తుపాకీతో కాలుస్తామని బెదిరింపు వచ్చింది. అక్కడి చట్టం ప్రకారం తుపాకీలు పట్టుకుని లోపలికి వచ్చేవాళ్ళని ఆపలేమన్నారు. ఆవిడ ఉపన్యాసం మానుకోవాల్సి వచ్చింది. ఆట బొమ్మల గురించి మాట్లాడినందుకు ప్రాణభయం!

బాగా ఆడితే దొంగ

మా అమ్మాయి చెప్పినవాటిల్లో నా మనసుని ఎక్కువగా పట్టుకున్నది కొరియా పిల్ల కథ. ఆటలో ఆమె పేరు గెగురి. కొరియా భాషలో కప్ప అనే మాట నుంచి వచ్చిన పేరట. 2016లో ఇంకా స్కూలు వయసు. ఓవర్‌వాచ్ అనే ఆటలో పోటీలకి దిగింది. ఆమె గురి ఎంత కచ్చితంగా ఉండేదంటే, అవతలి జట్టువాళ్ళు నమ్మలేకపోయారు. ఒక ఆడపిల్ల ఇలా ఆడలేదు, ఏదో దొంగ ప్రోగ్రాము పెట్టుకుని ఆడుతోందన్నారు. మన భాషలో చెప్పాలంటే 'తొండి' చేస్తోందన్నారు. అన్నవాళ్ళల్లో ఇద్దరు, అది నిజం కాకపోతే మేం ఆటే మానేస్తామన్నారు.

ఆట తయారుచేసిన కంపెనీ పరిశీలించి, తొండి లేదని చెప్పింది. అయినా గోల ఆగలేదు. ఆఖరికి ఆ పిల్ల ఒక స్టూడియోలో కూర్చుని, తన చేయీ మౌసూ కనిపించేలా కెమెరా పెట్టించుకుని, అందరూ చూస్తుండగా ఆడి చూపించింది. అదే గురి, అదే వేగం. నిందలేసిన ఆ ఇద్దరూ పోటీల నుంచి తప్పుకున్నారు. 2018లో ఆమె షాంఘై జట్టులో చేరి, ఓవర్‌వాచ్ లీగ్‌లో ఆడిన మొదటి మహిళ అయింది.

నేనిది చెప్పగానే మావాడు, "మగవాళ్ళని కూడా అంటారమ్మా అలా" అన్నాడు. నిజమే, అంటారు. నిజంగా తొండి చేసేవాళ్ళూ ఉన్నారు. పరీక్ష పెట్టడం తప్పని నేనూ అనను. అందరికీ ఒకటే పరీక్ష పెట్టండి. అబ్బాయి బాగా ఆడితే 'ఏం ఆడాడ్రా' అని, అమ్మాయి బాగా ఆడితే 'ఏదో ఉందిరా' అని అంటే, తొండి చేస్తున్నది ఎవరు?

చైనాలో లీ షియావ్‌మెంగ్ అనే అమ్మాయి కథా ఇలాంటిదే. హార్త్‌స్టోన్ అని కంప్యూటరులో ఆడే పేకముక్కల్లాంటి ఆట. పోటీకి పేరు ఇవ్వడానికి వరసలో నిలబడితే, ఆడపిల్లవి, ఇక్కడ నిలబడకు, ఇది నీకు కాదు అని ఒకతను అన్నాడట. రెండేళ్ళు తిరిగేసరికి, 2019 నవంబరులో అమెరికాలో జరిగిన ప్రపంచ ఫైనల్లో ఒక్క ఆట కూడా ఓడకుండా మూడుకి మూడూ గెలిచింది. ఆ టైటిల్ గెలిచిన మొదటి మహిళ ఆమె. గెలిచాక ఆ వరసలో విన్న మాట గురించే చెప్పింది. ఆడపిల్లకి అలాంటి మాట ఎంతకాలం గుర్తుంటుందో చూడండి. అన్నవాడు ఆ సాయంత్రానికే మర్చిపోయి ఉంటాడు.

ఇప్పుడు ఆడవాళ్ళకి ప్రత్యేకంగా పోటీలు కూడా ఉన్నాయి. వాలరెంట్ అనే ఆటకి 2021 నుంచి గేమ్ ఛేంజర్స్ పేరుతో నడుపుతున్నారు. "సమానమంటూనే మళ్ళీ వేరే పోటీ ఎందుకు?" అని మావారు అడిగారు. నేనన్నాను, "మన ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళ సీట్లు ఎందుకున్నాయండీ? తోసుకుని ఎక్కేవాళ్ళ మధ్య మేం కూడా ఊరు చేరాలని. అంతమాత్రాన మిగతా సీట్లు మావి కాకుండా పోతాయా?" అని. మావారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఇక్కడ ఇంకోటి కూడా చెప్పాలి. ఆ వాలరెంట్ తయారుచేసే రయట్ గేమ్స్ కంపెనీలోనే ఆడ ఉద్యోగులు తమకి జీతాల్లో, పదోన్నతుల్లో అన్యాయం జరుగుతోందని కోర్టుకెక్కారు. 2021 డిసెంబరులో 10 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. ఆట వేసేచోట న్యాయం లేకపోతే ఆటలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇడ్లీ పళ్ళాల పాఠం

మావాడితో మాత్రం తగువు పెట్టుకోలేదు. ఒక్క ప్రశ్న అడిగాను.

"నీకు ఆట రాకపోతే నీ స్నేహితులు నిన్నేమని తిడతారు?"

"ఆడటం రాదురా నీకు, గుడ్డిగా పేలుస్తావు అంటారు."

"మరి ఆ అమ్మాయిని ఏమన్నావు?"

వాడు మాట్లాడలేదు. వాడికి తెలిసింది. వాణ్ణి తిట్టేది వాడి ఆటని. ఆ పిల్లని తిట్టింది పుట్టుకని. ఆట రేపు నేర్చుకుంటే బాగుపడుతుంది, రెండోదానికి ఆమె ఏం చెయ్యగలదు?

ఆ ఆదివారం మా అమ్మాయి తన ల్యాప్‌టాప్‌లో ఒక ఆట పెట్టింది. పేరు వెణ్బా. 2023లో కెనడాలోని టొరంటోలో ఒక చిన్న బృందం చేసింది. 1980ల్లో కెనడా వెళ్ళి స్థిరపడిన ఒక తమిళ ఇల్లాలి కథ. తుపాకులు లేవు, కోటలు లేవు. వాళ్ళమ్మ ఇచ్చిన వంటల పుస్తకంలో అక్షరాలు చెరిగిపోయి, కాగితాలు చిరిగిపోయి ఉంటాయి. ఆ మిగిలిన ముక్కల్ని పట్టుకుని వంట ఎలాగో మనమే కనుక్కోవాలి. ఇడ్లీ, పుట్టు, బిర్యానీ అన్నీ ఉన్నాయి. 2024లో ఈ ఆటకి బ్రిటన్‌లో బాఫ్టా వాళ్ళ తొలి ఆట బహుమతి వచ్చింది.

మావాణ్ణి కూర్చోబెట్టాం. ఇడ్లీ దగ్గరే బోల్తాపడ్డాడు. పళ్ళాలు ఒకదాని మీద ఒకటి ఎలా పేర్చాలో తెలియక తికమకపడ్డాడు. "అమ్మా, ఇది రావట్లేదేంటి?" అన్నాడు.

"పోయి వంట చేసుకో అన్నావుగా, చేసుకో మరి" అన్నాను. మా అమ్మాయి పడి పడి నవ్వింది. వాడూ నవ్వాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత వంటింట్లోకి తీసుకెళ్ళి నిజం ఇడ్లీ స్టాండు చేతికిచ్చాను. పై పళ్ళెం గుంటలు కింది పళ్ళెం ఇడ్లీల నెత్తిన కూర్చోకూడదు, సందుల మీదికి రావాలి, అప్పుడే పొంగడానికి చోటుంటుంది, ఆవిరీ ఆడుతుంది అని చూపించాను. "ఇంత ఉందా ఇందులో!" అన్నాడు. పదహారేళ్ళుగా తింటున్నాడు, ఆ రోజు అడిగాడు.

ఆ ఆటలో కొడుకు ఉంటాడు. చిన్నప్పుడు తమిళం మాట్లాడటానికి, తల్లి వంట బడికి తీసుకెళ్ళడానికి నామోషీ పడతాడు. పెద్దయ్యాక ఆ పాత పుస్తకం పట్టుకుని తనే వండటానికి తంటాలు పడతాడు. అక్కడికి వచ్చేసరికి మావాడు ఏమీ మాట్లాడలేదు. నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. వీడియో గేమ్ చూసి నేను ఏడుస్తానని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

మన దేశంలోనే పుణేలో చేసిన రాజీ అనే ఆట కూడా ఉంది, 2020లో వచ్చింది. రాక్షసులు తమ్ముణ్ణి ఎత్తుకుపోతే అక్క త్రిశూలం పట్టి వెతుక్కుంటూ వెళుతుంది. ఎత్తుకుపోబడేది అబ్బాయి, విడిపించేది అమ్మాయి. అబ్బాయిలు కూడా హాయిగానే ఆడుతున్నారు. ఎవరి పరువూ పోలేదు.

ఇంట్లో నా తొండి

అందర్నీ అడిగి నన్ను నేను అడక్కపోతే ఎలా? మావాడి ఆటకి గంట టైము రాసిచ్చిన నేను, అమ్మాయి ఫోను పట్టుకోగానే "పాలు పొంగుతున్నాయేమో చూడవే" అని పిలిచేదాన్ని. వాణ్ణి పిలిస్తే మధ్యలో లేస్తే జట్టు ఓడిపోతుందంటాడు. దాని జట్టు ఓడిపోదా? మా అత్తయ్య నా చేతికిచ్చిన కొబ్బరి చిప్పే నేను నా కూతురి చేతిలో పెట్టాను. ఆడపిల్ల సమయానికి విలువ లేదని మావాడు వీధిలో నేర్చుకోలేదు. గోడ ఇవతల నేను పిలిచిన పిలుపుల్లోనే నేర్చుకున్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఇద్దరికీ చెరో గంట. వంటింటి పిలుపు వంతులవారీగా ఇద్దరికీ.

తల్లులకి నాకు తోచినవి నాలుగు మాటలు చెబుతాను. ఆడపిల్లని ఆటలో ఎవరైనా ఏమైనా అంటే, ముందు దాని ఫోను లాక్కోకండి. తప్పు చేసింది అవతలివాడు, శిక్ష మన పిల్లకా? అలా చేస్తే ఈసారి అసలు చెప్పదు. అన్న మాటని ఫోటో తీసి పెట్టుకోమనండి, దాన్ని స్క్రీన్‌షాట్ అంటారు. గొంతుతో అంటే రికార్డు చెయ్యొచ్చు. ఆటలోనే వాడి నోరు మూయించే మ్యూట్, వాణ్ణి రాకుండా చేసే బ్లాక్, ఫిర్యాదు చేసే రిపోర్ట్ ఉంటాయి. పిల్ల చేత మీ ఎదురుగా ఒకసారి చేయించి మీరూ నేర్చుకోండి. పేరు, ఊరు, కాలేజీ, ఫోటో ఆటలో ఎవరికీ ఇవ్వొద్దని చెప్పండి. బెదిరింపులదాకా, అసభ్యపు ఫోటోలదాకా వస్తే 1930 నంబరుకి ఫోన్ చెయ్యండి, లేదా ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు ఇవ్వండి. 181 మహిళా హెల్ప్‌లైన్ కూడా ఉంది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల విషయంలో పోక్సో చట్టం గట్టిది. ఇక మగపిల్లల తల్లులకి ఒక్కటే. వారంలో ఒకరోజు గోడ ఇవతల నిలబడి వినండి.

ఇదంతా జరిగాక మావాడు మారిపోయాడని రాస్తే మీరు నమ్మరు, నేనూ రాయను. ఆ అమ్మాయికి క్షమాపణ చెబుదామనుకున్నాడు. ఎక్కడ దొరుకుతుంది? ఏ ఊరో, ఏ పేరో. ఆ రాత్రి ఆమె కూడా మైకు కట్టేసి, పేరు మార్చుకుని ఉంటుందేమో అని నాకిప్పటికీ దిగులు.

పోయిన శనివారం అక్కా తమ్ముళ్ళిద్దరూ ఒకే జట్టులో ఆడారు. మూడేళ్ళ తర్వాత మా అమ్మాయి మైకు ఆన్ చేసింది. వెంటనే ఎవడో ఏదో కూశాడట. మావాడు నోరు మెదపలేదు. ఆట అయ్యాక వంటింట్లోకి వచ్చి, ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడి, "వాణ్ణి నేను అనాల్సింది కదమ్మా" అన్నాడు.

"అనాల్సింది" అన్నాను.

"ఈసారి అంటాను."

చూద్దాం. పక్క గదిలోంచి రెండు గొంతులు వినిపిస్తున్నాయి ఇప్పుడు. ఒకటి "కుడిపక్క" అంటుంది, ఇంకోటి "కాదురా, ఎడమపక్క, నేను చెప్పింది విను" అంటుంది. ఆ రెండో గొంతు ఎంత గట్టిగా అరిచినా తగ్గించమని నేను చెప్పడం లేదు.

మీ ఇంట్లో ఆటలు ఎలా సాగుతున్నాయి? ఎవరి వంతు ఎప్పుడూ రావడం లేదు? ఉత్తరం రాయండి. వచ్చేవారం మాగాయ ముక్క మెత్తబడకుండా ఉండే కిటుకుతో కలుస్తాను. ఆ ముక్కలు ఈసారి మావాడే ఎండబెట్టాడు లెండి!